రోడ్డు మీద పోతుంటే ట్రాక్టర్ వెనక లిఫ్టు మెల్లగా దిగిపోతోంది, ఎక్కడ చూడాలి?

ప్రశ్న:
రోటవేటర్ (మట్టిని గుల్ల చేసే పరికరం) తగిలించి లిఫ్టు పూర్తిగా లేపి రోడ్డెక్కితే, కొంచెం దూరం పోయాక జానెడు దిగి మళ్లీ కుదుపుతో పైకి లేస్తోంది. ఇంజను ఆపితే అర గంటలో నేలకు ఆనుతోంది. నూనె డిప్‌స్టిక్ గుర్తు దగ్గరే ఉంది. పంపు మార్చమంటున్నారు, అవసరమేనా? లేపిన లిఫ్టును కదలకుండా ఆపే మార్గం ఉందా?

జవాబు 1:
పంపు జోలికి ఇప్పుడే పోకండి. లేపేది పంపు, పట్టి ఉంచేది వాల్వులూ సీళ్లూ. బరువును చురుగ్గా లేపుతోందంటే పంపు బాగున్నట్టే. ఎక్కడో నూనె కారి లిఫ్టు చేతులు దిగుతున్నాయి, అది గమనించి పొజిషన్ కంట్రోల్ (లివరు పెట్టిన ఎత్తులో లిఫ్టును నిలిపేది) మళ్లీ నూనె పంపుతోంది. ఆ కుదుపు అదే.

సీటు కింద, లిఫ్టు దిగే వేగం తగ్గించే నాబ్ ఉంటుంది కదా. చాలా మోడళ్లలో దాన్ని పూర్తిగా బిగిస్తే సిలిండర్‌లోంచి నూనె వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. లిఫ్టు లేపి, నాబ్ బిగించి, ఇంజను ఆపి, లోయర్ లింకు (పరికరాన్ని పట్టే కింది చేయి) చివర ఎత్తు టేపుతో కొలవండి. 10 నిమిషాల తర్వాత మళ్లీ కొలవండి. దిగకపోతే తప్పు కంట్రోల్ వాల్వులో ఉంది. అప్పటికీ దిగితే పిస్టన్ మీది ఓ-రింగు (O ఆకారపు సీలు), లేదా సిలిండర్ సేఫ్టీ వాల్వు (ఒత్తిడి మరీ పెరిగితే నూనె వదిలేది) కారుతున్నట్టు. ఆ సమయంలో రోటవేటర్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు.

జవాబు 2:
రోడ్డు మీద లిఫ్టును కదలకుండా ఆపే తాళం కూడా ఆ నాబే. లేపేటప్పుడు పొజిషన్ లివరే వాడండి. డ్రాఫ్ట్‌లో (పరికరం లాగే బరువును బట్టి లిఫ్టు కదిలే పద్ధతిలో) ఉంచితే గతుకు తగిలినప్పుడల్లా టాప్ లింకు (పై చేయి) మీద ఒత్తిడి మారి లిఫ్టు దానంతటదే ఆడుతుంది. పైకి చేరాక కీచుమని శబ్దం వస్తే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటున్నట్టు, శబ్దం ఆగేదాకా లివరు కొద్దిగా దించండి. తర్వాత నాబ్ బిగించండి. బిగించి ఉండగా లివరు ముట్టుకోవద్దు. లివరు దించి ఉండగా నాబ్ వదిలితే రోటవేటర్ ఒక్కసారిగా పడుతుంది, కాబట్టి పొలం చేరాక లివరు పైనే ఉంచి నాబ్ తెరిచి, ఆ తర్వాతే దించండి.

పీటీఓ (రోటవేటర్‌ను తిప్పే షాఫ్టు) ఆపే ఉండాలి, లేపిన కోణంలో తిరిగితే షాఫ్టు క్రాసులు (మడత కీళ్లు) పోతాయి. పక్కలకు ఊగకుండా చెక్ చైన్లు బిగించండి. ఇంకొకటి, ముందు ఇరుసు మీద ట్రాక్టర్ సొంత బరువులో కనీసం 20 శాతం ఉండాలి. 2,000 కిలోల బండికి 400 కిలోలు. లేకపోతే స్టీరింగ్ తేలిపోతుంది, ముందు బరువులు వేసుకోండి. వేగంగా గతుకులెక్కిస్తే సిలిండర్‌లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి సేఫ్టీ వాల్వు కారుతుంది.

ప్రశ్న అడిగినవారు:
నాబ్ బిగించి చూశాను. 10 నిమిషాల్లో 12 సెం.మీ. దిగింది.

జవాబు 1:
అయితే సిలిండర్ వైపే. ముందు సేఫ్టీ వాల్వు మార్చి చూడండి, పని చిన్నది. అప్పటికీ దిగితే లిఫ్టు కవరు దించి ఓ-రింగు, దానికి ఆనుగా ఉండే బ్యాకప్ రింగు రెండూ మార్చాలి. నూనె ఒత్తిడి వచ్చే వైపు ఓ-రింగు, దాని వెనక బ్యాకప్ రింగు. తారుమారైతే కొత్త రింగు త్వరగా నలుగుతుంది. సిలిండర్ లోపల వేలితో తడమండి. గోరుకు తగిలే గీత ఉంటే సిలిండర్ కూడా మార్చాలి, లేకపోతే ఆ గీతే కొత్త రింగును కోసేస్తుంది. కవరు తెరిచినప్పుడే నూనె, ఫిల్టరు కూడా మార్చేయండి.