వృద్ధాశ్రమంలో సేవ, పేజీలో ఫోటోలు: ఇది వినయమేనా?

గువ్వ:
అందరికీ వందనాలు. మా యూత్ గ్రూప్ ఒక వృద్ధాశ్రమానికి సేవకు వెళ్తుంది. పెద్దవాళ్లకు గోళ్లు తీస్తాం, స్నానాలు చేయిస్తాం, దుప్పట్లు ఉతుకుతాం. ప్రతిసారీ ఫోటోలు తీసి పేజీలో పెడుతున్నారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ఉంది కదా అంటారు కొందరు. మీ సత్క్రియలు చూసి జనం తండ్రిని మహిమపరచాలని మత్తయి 5లో ఉందిగా అని ఇంకొందరు. రెండూ ఒకే ప్రసంగంలోని మాటలే! ఏది పట్టుకోవాలి?

ఉప్పురాయి:
దీనికి చర్చ దేనికి సిస్టర్? కెమెరా బయటికి తీశాక అది పబ్లిసిటీ. దానం చేసేటప్పుడు బూర ఊదించుకునేవాళ్లు తమ ఫలం పొందేశారని ప్రభువే చెప్పాడు.

చిల్లర లెక్క:
అంత తేలిగ్గా తీసిపారేయకండి బ్రదర్. ఇలాంటి గ్రూపుకే నేను లెక్కలు చూస్తాను. చందా ఇచ్చినవాళ్లు ‘ఏం చేశారు?’ అని అడుగుతారు, అడగాలి కూడా. యెరూషలేములోని బీదల కోసం పోగైన సొమ్మును పౌలు ఒక్కడే మోసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ సరిగ్గా ఉండాలని కారణం కూడా రాశాడు (2 కొరింథీ 8). రహస్యం పేరు చెప్పి లెక్క ఎగ్గొట్టడం ఏం వినయం?

తువాలు:
లెక్క చెప్పాల్సిందే. కానీ పౌలు లెక్క చెప్పింది డబ్బుకి. బిల్లు ఫోటో పెట్టండి, ఆరేసిన దుప్పట్లు చూపించండి. సగం తడిసిన చీరలో, పళ్లసెట్టు తీసేసి కూర్చున్న ముసలావిడ ఫోటో ఏ లెక్కలోకి వస్తుంది? రేపు స్నానం చేయించడానికి వీళ్లే రావాలి. ‘వద్దమ్మా’ అనే ధైర్యం ఆవిడకు ఎక్కడిది?

యోహాను 13 మళ్లీ చదవండి. యేసు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడగడం అందరం చెప్పుకుంటాం, శిష్యుడు పేతురు ఇబ్బందిని గబగబా దాటేస్తాం. తన పాదాలు కడగనే కూడదన్నాడు పేతురు. యేసు ఆగాడు, మాట్లాడాడు. వెంటనే పేతురు అటు కొసకు పోయి చేతులు, తల కూడా కడగమన్నాడు. పాదాలు చాలన్నాడు యేసు. చేసేవాడి ఉత్సాహం కొద్దీ కాదు, ఎదుటివాడికి ఎంత కావాలో అంతే. నాకైతే అక్కడే వినయం కనిపిస్తుంది.

ఉప్పురాయి గారూ, దాచిపెట్టి చేసినంత మాత్రాన గర్వం పోదండీ. ‘నేను ఎవరికీ చెప్పుకోను’ అని లోలోపల మురిసిపోయేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. మత్తయి 25లో తీర్పు రోజున ప్రభువు కుడివైపు నిలబడ్డవాళ్లకు తాము చేసింది గుర్తే లేదు. నీకు ఎప్పుడు అన్నం పెట్టామని ఆయన్నే ఎదురు అడుగుతారు.

గువ్వ గారూ, ఇంకో మాట. మీ గ్రూపులో వడ్డించడానికి అందరూ ముందుకొస్తారు, గిన్నెలు తోమడానికి ఎప్పుడూ ఆ ఇద్దరే మిగులుతారు, అవునా? 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠానికి రాసిన నియమావళిలో వంటింటి పని వారానికొకరి వంతు. జబ్బుపడినవాళ్లు, మరీ ముఖ్యమైన పనిలో ఉన్నవాళ్లు తప్ప అందరూ చేయాల్సిందే. వంతు ముగిసినవాడు శనివారం తువాళ్లు ఉతకాలి. తర్వాత వంతువాడితో కలిసి అందరి పాదాలూ కడగాలి. గిన్నెలు శుభ్రంగా అప్పగించాలి.

ఉప్పురాయి:
వంతులు వేస్తే అది డ్యూటీ అవుతుంది కదండీ. ప్రేమ ఏది?

తువాలు:
ప్రేమ పుట్టేదాకా గిన్నెలు అలాగే ఉంచుదామా బ్రదర్?

చిల్లర లెక్క:
వంతుల మాట బాగుంది. బిల్లుల మాట మాత్రం నేను ఒప్పుకోను. బిల్లు చూసి చందా ఇచ్చేవాళ్లు తక్కువ, ముఖం చూసి ఇచ్చేవాళ్లే ఎక్కువ. ఆ ఫోటోలు ఆపేస్తే తగ్గే డబ్బు ఎవరిస్తారో కూడా చెప్పండి.

తువాలు:
తగ్గితే తగ్గనివ్వండి. రెండు దుప్పట్లు తక్కువ కొందాం.

చిల్లర లెక్క:
చలికి వణికేది మీరూ నేనూ కాదు కదండీ!

గువ్వ:
మరి ఒక బామ్మగారు తనే ఫోటో తీయమని అడుగుతారు, దూరంగా ఉన్న కొడుక్కి పంపమని. అదీ వద్దంటారా?

తువాలు:
తల దువ్వి, మంచి చీర కట్టించి తీయండి. కొడుక్కి పంపండి. పేజీలో మాత్రం వద్దు.