వాదనలు అయిపోయినా తీర్పు రావట్లేదు, ఏం చేయాలి?

వరంగల్ జిల్లాలో మా నాన్న పొలం గట్టు తగాదా, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ (అవతలివాళ్లను అడ్డుకునే ఉత్తర్వు) దావా. మార్చి 11న వాదనలు పూర్తయ్యాయి. ఆగస్టు వచ్చినా ఈ-కోర్ట్స్ యాప్‌లో ‘ఫర్ జడ్జిమెంట్’ అనే ఉంటోంది, పక్కన తేదీ ఒక్కటే మారుతోంది. సీపీసీ (సివిల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) ఆర్డర్ 20 రూల్ 1 ప్రకారం 30 రోజుల్లో, మరీ తప్పకపోతే 60 రోజుల్లో తీర్పు చెప్పాలి కదా!

వకీలు సారును అడిగితే ‘జడ్జిగారికి కోపమొస్తది, ఆగండి’ అంటున్నారు. కాగితం రాసి బెంచ్ క్లర్కుకు ఇవ్వబోతే తీసుకోలేదు. ఈలోపు జడ్జిగారికి బదిలీ అయితే మళ్లీ వాదనలు వినిపించాలేమోనని టెన్షన్.

2001లో అనిల్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు, 3 నెలలు దాటితే తీర్పు కోసం దరఖాస్తు చేసుకోవచ్చంది గానీ అది హైకోర్టుల సంగతి. కింది కోర్టులో ఇలా ఆగితే అక్కడే పిటిషన్ వేయాలా, రాజ్యాంగం ఆర్టికల్ 227 (కింది కోర్టులపై హైకోర్టు పర్యవేక్షణ అధికారం) కింద హైకోర్టుకు పోవాలా?