వీలునామా సాక్షులిద్దరూ చనిపోయారు, ఇప్పుడెలా నిరూపించాలి?

మాది చిత్తూరు దగ్గర పల్లె. నాన్న 1994లో సొంత డబ్బుతో కొన్న ఎకరా ఇరవై సెంట్ల మామిడి తోటను 2017లో నా పేరిట వీలునామా రాశారు. రిజిస్టర్ చేయించలేదు. తెల్ల కాగితం మీద అంతా ఆయన చేతిరాతే, చివర సంతకం దగ్గర మాత్రం చెయ్యి వణికినట్టు తెలుస్తుంది. సాక్షుల్లో ఒకాయన సంతకం చేశారు, ఇంకొకాయన వేలిముద్ర వేశారు. ఇద్దరూ కరోనా టైంలో పోయారు. నాన్న నిరుడు కార్తీకంలో కాలం చేశారు.

మీసేవలో మ్యుటేషన్‌కు (భూమి రికార్డుల్లో పేరు మార్పుకు) రెండుసార్లు పెట్టాను. అక్క అభ్యంతరం చెప్పడంతో సివిల్ కోర్టుకు వెళ్లమని తిప్పి పంపారు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టినా అక్క ఒప్పుకోలేదు. తనతో గొడవ పడాలని నాకు లేదు, నాన్న మాట నిలబడితే చాలు.

సాక్షులు బతికి లేకపోతే పాత సాక్ష్యాల చట్టం 69వ సెక్షన్ (కొత్త చట్టంలో 68) ప్రకారం కనీసం ఒక సాక్షి చేతిరాతనూ, రాసినవారి సంతకాన్నీ రుజువు చేయాలట. సంతకం చేసిన సాక్షి కొడుకు వచ్చి చెప్తానన్నాడు. ఆ సాక్షి పాత సంతకాలున్న సొసైటీ లోను కాగితాలు కూడా దొరికాయి.

కొడుకు సాక్ష్యం, ఈ కాగితాలు కోర్టులో సరిపోతాయా, లేక చేతిరాత నిపుణుడి రిపోర్టు కూడా తప్పనిసరా?