థానోస్ మాటకు హీరోలెవరూ జవాబు చెప్పరేం?

బోరుబండి, దేవరకొండ:

అందరికీ నమస్తే. నేను బోర్లు వేసే రిగ్గు మీద పని చేస్తా. బండి తమిళనాడులోని తిరుచెంగోడుది, పోరగాళ్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు, రైతులతో మాట్లాడి రేటు కుదిర్చేది నేను. రాత్రి పని ఆగితే ఫోన్‌లో సూపర్‌హీరో సినిమాలే మాకు కాలక్షేపం.

‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ సినిమాలో థానోస్ అనే విలన్, ఉన్న వనరులు ఇంతమందికి చాలవని చిటికె వేసి విశ్వంలో సగం ప్రాణుల్ని మాయం చేసినప్పుడు మావాళ్లు ఈలలు వేశారు. నాకూ వెయ్యాలనిపించింది. ఎందుకా అని ఆలోచిస్తే రెండు కారణాలు తోచాయి. ఒకటి, వాడు ఉన్నోడు లేనోడు అని చూడడు. లాటరీ తీసినట్టు సగం మందిని తీసేస్తానంటాడు. రికమండేషన్ చెల్లదు. మా దగ్గర ఏ లిస్టులో పేరు ఎక్కాలన్నా ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి కదా!

రెండోది నేను రోజూ చూసేదే. మొన్న చందంపేట వైపు ఒక పెద్దాయన చేలో దిగాం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసినాయన గ్యారంటీ ఇచ్చి వెళ్లాడు. బిట్టు దిగుతూనే ఉంది, తెల్ల దుమ్ము లేస్తూనే ఉంది, బండ తప్ప తడి లేదు. ఆపేద్దామంటే పెద్దాయన ఊరుకోడు. ‘ఇంకో రాడ్డు దించు బిడ్డా’ అంటాడు. ఆయన భార్య కొంగుతో మొహం తుడుచుకుంటూ బోరు దిక్కు చూడట్లేదు, నా మొహం చూస్తోంది. పక్క చేనాయన గట్టు మీద నిలబడ్డాడు. మాకు నీళ్లు పడితే ఆయన బోరు ఎండుతుందని ఆయన టెన్షన్ ఆయనది.

ఉన్న నీళ్లు ఇంతే, గుంజేవాళ్లు ఎక్కువ. థానోస్ అనేదీ అదే కదా? హీరోలు వాడిని కొడతారు తప్ప జవాబు చెప్పరు. మీకెవరికైనా జవాబు తోచిందా? తెలుగు డబ్బింగ్‌లో వాడికి రానా ఇచ్చిన గొంతు వల్ల నచ్చాడని మాత్రం అనకండి, మావాళ్లు హిందీలోనే చూశారు.

సోషల్ సారు, మహబూబ్‌నగర్:

తమ్ముడూ, వాడి లెక్కే తప్పు. ఆ సినిమా వచ్చిన 2018లో భూమ్మీద జనం దాదాపు 760 కోట్లు. సగం చేస్తే 380 కోట్లు. 1970ల మొదట్లో ఉన్నది అంతే. అప్పుడు కరువు లేదా? మా నాయన్ను అడిగితే చెప్తాడు, గంజి ఎట్ల పంచుకున్నారో. ఇంత పని చేసి వాడు మనల్ని ఒక యాభై ఏళ్లు వెనక్కి తోశాడు, అంతే. జనం మళ్లీ పెరుగుతారు, అప్పుడు ఇంకో చిటికె వేస్తాడా?

బోరుకీ బోరుకీ మధ్య ఇంత దూరం ఉండాలని 2002లో నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం తెచ్చింది అందుకే. పాటించేది ఎవరన్నది నీకే బాగా తెలుసు.

కామిక్ పిచ్చోడు, మిర్యాలగూడ:

అసలు కామిక్‌లో వనరుల గొడవే లేదన్నా. 1973లో జిమ్ స్టార్లిన్ పుట్టించిన థానోస్ మృత్యువు అనే ఆవిడను ప్రేమిస్తాడు. 1991 కథలో సగం విశ్వాన్ని చంపేది ఆవిడ మెప్పు కోసం. ఆవిడేమో వాడి మొహం కూడా చూడదు. సినిమావాళ్లు ఆ ప్రేమ తీసేసి జనాభా లెక్క పెట్టారు. దాంతో పిచ్చోడు కాస్తా మేధావి అయ్యాడు.

ఎక్స్‌మెన్ కథల్లో విలన్ మాగ్నెటో కూడా అంతే. 1963లో వచ్చినప్పుడు ఉత్త విలన్. నాజీల క్యాంపులో బతికి బయటపడ్డ మనిషని 1980ల కథల్లో రాశాకే జనం వాడి వైపు తిరిగారు.

ఆ సినిమా రెండో భాగం ‘ఎండ్‌గేమ్’ చూశావా? ఐదేళ్ల తర్వాత ఓడలు తగ్గి నది శుభ్రపడిందని, తిమింగలాలు కనిపించాయని హీరో కెప్టెన్ అమెరికా అంటాడు. ఇందులో మంచి చూడమంటే బ్రెడ్డు పెట్టి కొడతానంటుంది వాళ్ల జట్టులోని నటాషా.

బోరుబండి, దేవరకొండ:

మిర్యాలగూడ తమ్మీ, మీకు సాగర్ ఎడమ కాలువ ఉంది, ఎన్నైనా చెప్తావు. సాగర్ జలాశయానికి దగ్గర ఉన్నది మేము, బోర్లు వేసుకునేదీ మేమే. సారు లెక్క బాగుంది. కానీ ఆ లెక్క సినిమాలో ఒక్కడన్నా చెప్పాలి కదా!

కల్వకుర్తి ఆడబిడ్డ:

అన్నా, సగం ఊరు మాయమైతే ఎట్లుంటుందో నాకు సినిమా చూపించక్కర్లేదు. దసరా అయ్యాక, కూలీలను వలస తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్సులు ఇచ్చేవాడు, మా అమ్మానాయన బొంబాయి బస్సు ఎక్కేవారు. ఊళ్లో మిగిలేది ముసలోళ్లు, మాలాంటి పిల్లలు. బడిలో హాజరు పిలుస్తుంటే సగం పేర్లకు పలికేవాళ్లు ఉండరు.

మరి మిగిలినవాళ్లకు నీళ్లు ఎక్కువ వచ్చాయా? బావి అట్లనే ఎండింది. దున్నే మనిషి లేక చేలు పడావు పడ్డాయి. తిమింగలాల సంగతేమో గానీ మా చేలల్లోకి సర్కారు తుమ్మ వచ్చింది. అది కొట్టాలన్నా మనుషులే కావాలి. మా నాయనమ్మ కత్తి పట్టుకుని ఒక్కతే పోయేది, సాయంత్రానికి చేతినిండా ముళ్లు.

కృష్ణ నీళ్లు కొల్లాపూర్ దగ్గర ఎత్తిపోశాక మా మేనమామ తిరిగొచ్చి వేరుశనగ వేశాడు. అంటే ఊళ్లో మనుషులు పెరిగాకే పంట పెరిగింది. థానోస్ అన్నదానికి ఇది ఉల్టా కాదా?

నాకు వాడి మీద కోపం ఇంకొకటి. చిటికె వేసి కొండ మీద కూర్చుని సూర్యుణ్ని చూస్తాడు. మిగిలినవాళ్లు ఎట్ల బతికారో ఒక్క ఊరన్నా తిరిగి చూడడు. మా మేస్త్రీ నయం, ఏడాదికోసారి కనపడేవాడు!

బోరుబండి, దేవరకొండ:

అక్కా, ఈ మాట మావాళ్లకు చెప్పాను. ఒడిశా పోరడు ‘మా ఊరు కూడా అంతే’ అని పండుకున్నాడు.

మా జిల్లాలో ముషంపల్లి అని ఉంది, మనుషులకన్నా బోర్లే ఎక్కువని పేపర్లలో వచ్చిన ఊరు. అక్కడ చిటికె వేస్తే సగం మంది పోతారు, బోర్లు మొత్తం అట్లనే ఉంటాయి, చేసిన అప్పు కూడా.

అయినా వాడి ‘అందరికీ ఒకటే రూలు’ మాత్రం నాకు ఇంకా నచ్చుతుంది. అది మార్చుకోను. విలన్ మాటకు హీరో నోటితో జవాబు చెప్పే సినిమా ఏదన్నా ఉంటే పెట్టండి. తెలుగు డబ్బింగ్ ఉండాలి.

కామిక్ పిచ్చోడు, మిర్యాలగూడ:

ఎక్స్‌మెన్ చూడన్నా. మాగ్నెటో, హీరోల గురువు ప్రొఫెసర్ చదరంగం ముందు కూర్చుని వాదించుకుంటారు. కొట్టుకోవడం కూడా ఉందిలే, మీవాళ్లు నిద్రపోరు.