‘నాణ్యత 35’ అంటే ఎక్కువా, తక్కువా?

ప్రశ్న: పెళ్ళి వీడియోలు తీసే మిత్రుల కోసం ఎన్‌కోడరు (వీడియోను చిన్న ఫైలుగా కుదించే సాఫ్ట్‌వేరు) అమరికలను తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర చిక్కుబడ్డాను. ఎక్స్264 అనే ఎన్‌కోడరులో బొమ్మ ఎంత బాగా రావాలో నిర్ణయించే సీఆర్ఎఫ్ అనే అమరిక 0 నుంచి 51 వరకు ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే అది 23గా తీసుకుంటుంది. దానికి నేను ‘నాణ్యత’ అని పేరు పెట్టాను. అది చదివిన ఒక కుర్రవాడు బొమ్మ మరింత బాగా రావాలని 23ను 35 చేయగా, పెళ్ళికూతురి పట్టుచీర జరీ అంతా అలుక్కుపోయినట్లు వచ్చింది. వేరే మాట ఏదైనా సూచించగలరా?

జవాబు: తప్పు మాటదేనండి. నాణ్యత అని పేరు పెట్టిన తరువాత, అంకె పెంచితే నాణ్యత పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆ అంకె నిజానికి చెప్పేది ఎన్‌కోడరు బొమ్మలోని వివరాన్ని ఎంత వదిలేయవచ్చునన్నది. అందువల్ల నేనైతే ‘తరుగు’ అంటాను. పాత నగను కరిగించినప్పుడు తరుగు పోను మిగిలినదే మన చేతికి వస్తుంది, ఇక్కడా అంతే. రంగుకు 8 బిట్ల చొప్పున ఉండే మామూలు వీడియోకు 0 పెడితే ఏమీ నష్టపోకుండా కుదిస్తుంది కనుక ‘తరుగు 0’ అన్నది అక్షరాలా నిజమవుతుంది. 23 నుంచి 17కు దిగితే ఫైలు ఇంచుమించు రెట్టింపు అవుతుందన్నదీ ఆ పక్కనే రాయండి. నాణ్యానికి నాణెంతో చుట్టరికం ఉంది కాబట్టి నాణ్యత, తరుగు అనే రెండు మాటలూ ఒకే నగల కొట్టులోవి అనుకోవచ్చు.

మరొకరు: తరుగు చక్కగా ఉంది. అయితే అమెరికాలోని బంధువులు చూసే ప్రత్యక్ష ప్రసారానికి ఆ ఒక్క మాట చాలదు. తరుగును ఒకేచోట నిలిపితే బిట్‌రేటు, అంటే సెకనుకు పంపవలసిన బిట్ల లెక్క, నిలవదు. పురోహితుడు మంత్రాలు చదువుతూ కూర్చున్నంతసేపు బొమ్మలో మార్పు తక్కువ కాబట్టి సెకనుకు కొద్ది బిట్లతోనే పని జరుగుతుంది. తలంబ్రాలు మొదలైన క్షణంలో వేలకొద్దీ బియ్యపు గింజలు తలో దిక్కుకు ఎగరడంతో, ముందు ఫ్రేమును (వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మను) చూసి తరువాతి ఫ్రేమును ఊహించే ఎన్‌కోడరు పప్పులు ఉడకక, బిట్‌రేటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మండపంలోని నెట్ అంత భారం మోయలేకపోతే, అందరూ చూడాలనుకున్న ఘట్టంలోనే ప్రసారం ఆగిపోతుంది. అందుకే బిట్‌రేటుకు హద్దు పెట్టే మాక్స్‌రేట్, ఆ హద్దును ఎంత నిల్వ మీద లెక్కగట్టాలో చెప్పే బఫ్‌సైజ్ అనే అమరికలు ఉన్నాయి. మొదటిదానిని ‘తూము’ అని, రెండవదానిని ‘తొట్టి’ అని అనవచ్చునేమో.

ప్రశ్న అడిగినవారు: తొట్టిని సంతోషంగా తీసుకుంటున్నాను. తూము మాత్రం వద్దనుకుంటున్నాను. తూము తలుపును కావలసినంత పైకి ఎత్తవచ్చు, ఇక్కడ కావలసినది దాటరాని హద్దు కనుక ‘గరిష్ఠ బిట్‌రేటు’ అన్నదే తేటగా ఉంది. సెకనుకు 5 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న మండపానికి ఇలా తిరగరాశాను: “తరుగు 23, గరిష్ఠ బిట్‌రేటు సెకనుకు 3 మెగాబిట్లు, తొట్టి 6 మెగాబిట్లు, అంటే రెండు సెకన్ల సరుకు. తలంబ్రాల వేళ బొమ్మ కాస్త గళ్ళుగళ్ళుగా కనిపించవచ్చు గాని ప్రసారం ఆగే ముప్పు తగ్గుతుంది.” ‘సరుకు’ అన్నది మరీ కిరాణా కొట్టు మాటలా ఉంటే చెప్పండి, మారుస్తాను.