సాల్మన్, స్టీల్‌హెడ్ గైడు ఏడాది పొడవునా ఏం చేస్తాడు? ప్రాణహిత మీద ఆ వృత్తి సాధ్యమేనా?

సిరొంచవాసి రాశారు:

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా మేనల్లుడు ప్రాణహిత ఒడ్డున పెరిగినవాడు. వల విసరడం, పడవ నడపడం, నీటి పోకడ చూసి లోతు చెప్పడం వాడికి తండ్రి దగ్గర అబ్బిన విద్యలు. ఈ మధ్య అమెరికా వాయవ్య ప్రాంతపు నదుల్లో సాల్మన్, స్టీల్‌హెడ్ చేపల వేటకు అతిథులను పడవలో తీసుకువెళ్లే గైడుల వీడియోలు చూసి, తానూ ఆ వృత్తిలోకే దిగుతానని, వీలైతే ఇక్కడ, లేకపోతే అక్కడికే వెళ్లి చేస్తానని పట్టుబడుతున్నాడు. ఒక్కో మనిషి దగ్గర రోజుకు వందల డాలర్లు తీసుకుంటారని వాడు చెప్పే లెక్క వింటే మా అక్కకూ బావగారికీ ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది.

నేను తెలుసుకోదలచినది ఇది. అటువంటి గైడుకు పన్నెండు నెలలూ పని ఉంటుందా, ఉంటే ఏ నెలలో ఏ చేప కోసం, ఏ అనుమతుల కింద నడుస్తుంది? అందులో ఎంత భాగం మన నదులకు వర్తిస్తుంది? ఆ ప్రాంతంలో ఉంటున్నవారు, చేపల గురించి చదువుకున్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

ఒరెగన్‌లో రాయగడవాడు రాశారు:

సిరొంచవాసి గారికి నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఉద్యోగరీత్యా ఒరెగన్‌లో ఉంటూ, ఏటా సీజనులో గైడుకు డబ్బు చెల్లించి పడవ ఎక్కేవాళ్లలో నేనొకడిని. గైడు పక్కన కూర్చుని చూసిన దానినీ, అతను చెప్పగా విన్న దానినీ రాస్తున్నాను.

వీడియోలో కనబడేది చేప గాలానికి పడిన నిమిషం మాత్రమే. గైడు సంవత్సరాన్ని నడిపించేది, సముద్రం నుంచి నదిలోకి ఏ జాతి చేప ఏ నెలలో ఎక్కుతుందన్న లెక్క. జనవరి నుంచి మార్చి చివరి దాకా శీతాకాలపు స్టీల్‌హెడ్ పని ఉంటుంది. ఇది రెయిన్‌బో ట్రౌట్ జాతిదే. నదిలో పుట్టి, సముద్రానికి వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి వచ్చే రకాన్ని స్టీల్‌హెడ్ అంటారు. ఒరెగన్ తీరంలోని విల్సన్, నెస్టుకా వంటివి చిన్న నదులు, వానకు పొంగి వాన తగ్గగానే దిగిపోయేవి. అందుకని గైడు తెల్లవారకముందే లేచి మొదట చూసేది గాలాలను కాదు, ప్రభుత్వ జలమాపక కేంద్రాల అంకెలను. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని మనవాళ్లకు కంఠస్థమైనట్టే, అక్కడి ప్రతి నదికీ గైడు మనసులో కొన్ని అంకెలు ఉంటాయి. ఒక మట్టానికి పైన ఉంటే పడవ దించడు. నీరు తగ్గుతూ, బురద విరిగి లేత పచ్చరంగుకు వస్తే దానికి మించిన రోజు లేదంటాడు. వాన ఎక్కువై నది చెడిపోతే ఆ రోజు సంపాదన లేనట్టే. అతిథికి డబ్బు తిరిగి ఇవ్వాలి లేదా మరో తేదీ ఇవ్వాలి.

మార్చి నుంచి జూన్ వరకు కొలంబియా, విల్లమెట్ నదుల్లో వసంతకాలపు చినూక్ సాల్మన్ వస్తుంది. ఇది గుడ్లు పెట్టేది శరత్కాలంలో అయినా నెలల ముందే నదిలోకి ప్రవేశిస్తుంది. నదిలోకి వచ్చాక మేత మానేస్తుంది గనుక, ఆ నెలలన్నిటికీ సరిపడే కొవ్వును సముద్రంలోనే ఒంటికి పట్టించుకుని వస్తుంది, దాని రుచికి అంత పేరు రావడానికి కారణం అదే. కొలంబియా మీది బొన్నెవిల్ ఆనకట్ట దగ్గర చేపల నిచ్చెన (చేపలు ఆనకట్ట దాటడానికి కట్టిన మెట్ల కాలువ) ఎక్కే ప్రతి చేపనూ జాతివారీగా లెక్కిస్తారు. ఈ లెక్క 1938 నుంచి ఉంది, రోజువారీ అంకెలు ఎవరైనా చూడవచ్చు. వాటిని బట్టి ఒరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాలు సీజను మధ్యలోనే వేట రోజులను పెంచుతాయి లేదా కత్తిరిస్తాయి. గైడు వారం రోజులకు అతిథులను కుదుర్చుకున్న తరువాత, చేపలు అనుకున్నన్ని ఎక్కలేదని నది మూసేస్తే, ఫోను చేసి ఒక్కొక్కరికీ నచ్చజెప్పుకోవలసింది అతనే.

వేసవిలో గైడులు రెండు దారులు పడతారు. కొందరు అలాస్కాకు వెళ్లి బ్రిస్టల్ బే చుట్టుపక్కల విడుదులలో సాకై, చినూక్ సాల్మన్ వేటకు కుదురుకుంటారు. తక్కినవారు డెషూట్స్ వంటి నదుల్లో వేసవి స్టీల్‌హెడ్ మీద పనిచేసి, ఆగస్టులో కొలంబియా సముద్రంలో కలిసే చోటికి చేరుతారు. ఆ ముఖద్వారపు వేట ఒక జాతర వంటిది. వందల పడవలు ఒకే చోట తిరుగుతాయి. నాకైతే అది నచ్చదు గాని, గైడుకు ఏడాదిలో బాగా గిట్టుబాటయ్యే వారాల్లో అవి కొన్ని. సెప్టెంబరు, అక్టోబరుల్లో టిల్లమూక్ అఖాతంలోనూ దానిలో కలిసే నదుల్లోనూ శరత్కాలపు చినూక్, కోహో సాల్మన్ ఉంటాయి. నవంబరు చివరి నుంచి మళ్లీ స్టీల్‌హెడ్ మొదలయ్యేదాకా పని పలచబడుతుంది. పడవ మరమ్మతు, అనుమతుల పునరుద్ధరణ అప్పుడే పెట్టుకుంటారు.

అనుమతుల మాట. ఒరెగన్‌లో గైడు రాష్ట్ర మెరైన్ బోర్డు దగ్గర నమోదు కావాలి, ప్రథమ చికిత్స శిక్షణ, బీమా చూపాలి. నౌకాయానానికి అనువైనవిగా గుర్తించిన నీళ్లలో అతిథులను మోటారు పడవలో ఎక్కించుకోవాలంటే కోస్ట్ గార్డ్ లైసెన్సు కూడా కావాలి. అటవీ శాఖ, భూ నిర్వహణ శాఖల పరిధిలో పారే కొన్ని నదులకు విడిగా అనుమతి పత్రాలుంటాయి, అవి పరిమితం. ఇన్ని ఉన్నా ఒక్క నియమం మారితే వృత్తి తలకిందులవుతుంది. స్టీల్‌హెడ్ సంఖ్య పడిపోయిందని 2020 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రం తన తీరనదుల్లో పడవలో కూర్చుని వేటాడడాన్నే నిషేధించింది. పడవ మీద ప్రయాణించవచ్చు, కాని గాలం వేయాలంటే దిగి నీళ్లలో నిలబడాలి. 2023, 2024లలో కాలిఫోర్నియాలో సముద్రపు సాల్మన్ వేటను పూర్తిగా మూసివేశారు. 2015 వేసవిలో కొలంబియా నీరు వేడెక్కి లక్షల సాకై సాల్మన్ దారిలోనే చనిపోయాయి.

ఇక డబ్బు. అతిథి ఇచ్చేది పెద్ద మొత్తమే. అందులోంచి పడవ, దానిని లాగే ట్రక్కు, ఇంధనం, బీమా, ఎరలు, గాలాలు, పడవ దించిన చోటి నుంచి తేలిన చోటికి ట్రక్కును చేర్చే మనిషి కూలి పోవాలి. మీ మేనల్లుడు గుణించిన లెక్కలో ఈ పద్దు ఉండి ఉండదు.

మల్కన్‌గిరి మాస్టారు రాశారు:

పైవారు రాసినది చాలా ఉపయోగకరం. జంతుశాస్త్రం బోధించినవాడిగా నేను ఒక తేడాను గట్టిగా చెప్పదలచాను. సాల్మన్ గైడు వృత్తి నిలిచింది చేప తిరిగి వస్తుందన్న నమ్మకం మీద. పసిఫిక్ సాల్మన్ ఒకసారి గుడ్లు పెట్టి చనిపోతుంది. స్టీల్‌హెడ్‌లో కొన్ని బతికి సముద్రానికి పోయి మళ్లీ రాగలవు. రెండింటిలోనూ తాను పుట్టిన నదికే వచ్చే గుణం ఉంది కాబట్టి నెలల పట్టిక వేయడం కుదురుతుంది. గోదావరిలో ఆ తరహాది పులస ఒక్కటే. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదనీటికి ఎదురీది వస్తుంది, కాని ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే ఆగిపోతుంది. పోలవరం స్పిల్‌వేలో చేపల నిచ్చెన కట్టారు గాని, దిగువన ధవళేశ్వరం దాటితే కదా పోలవరం దాకా రావడం! సిరొంచ అక్కడికి ఇంకెంతో ఎగువన ఉంది. మీకు పులస రాదు.

మీ దగ్గర ఉన్నవి వేరు. వాలుగ, కొర్రమీను, బొచ్చె, రవ్వ, జెల్ల నదిలోనే పుట్టి నదిలోనే తిరిగేవి. గాలానికి పడి పోరాడే గుణం వాలుగకు బాగా ఉంది గనుక అతిథిని తృప్తిపరచగలదు. గాలపు వేటకు పేరుపడ్డ మహాశీర్ చేప అయితే రాతి మడుగులు, వడి గల స్వచ్ఛమైన నీరు కోరుకుంటుంది, విశాలమైన ఇసుకమేటల మధ్య పారే ప్రాణహిత దానికి నచ్చే చోటు కాదు. మా వైపు మాచ్‌ఖండ్, కొలాబు పైభాగాల్లో అటువంటి నీరు ఉంది గాని, జలపుట్, బలిమెల, ఎగువ కొలాబు జలాశయాల తరువాత నది ముక్కలుముక్కలయింది. ఆంధ్రలో పాడేరు వైపున మత్స్యగుండంలో చేపలను దైవంగా కొలిచి పట్టకుండా వదిలేస్తారు గనుక అక్కడ అవి ఈనాటికీ కళ్లబడుతున్నాయి.

కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరి, గాలిబోరె శిబిరాలలో మహాశీర్‌ను గాలంతో పట్టి ప్రాణంతో వదిలే వేట ఏళ్ల తరబడి సాగింది. మునుపు దొంగచాటుగా వేటాడినవారు కొందరు అక్కడ గైడులయ్యారు కూడా. ఆ ప్రాంతం అభయారణ్యంలో ఉండడంతో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డువచ్చి అది ఆగిపోయింది. మీ నదికి ఆవలి గట్టున తెలంగాణలో ప్రాణహిత అభయారణ్యం, ఛత్తీస్‌గఢ్ వైపు ఇంద్రావతి పులుల సంరక్షణ కేంద్రం ఉన్నాయని మరచిపోవద్దు. నది మధ్యలో పడవ ఏ రాష్ట్రపు నీళ్లలో ఉందో తేల్చడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

వర్షాకాలం నాలుగు నెలలూ నీరు బురద, వరద. ఆ కాలంలో అతిథిని పడవ ఎక్కించేవాడిని నేను గైడు అనను. నవంబరు నుంచి మే దాకానే పని దొరుకుతుంది. మే నాటికి చాలాచోట్ల నీరు మోకాలి లోతుకు వస్తుంది కాబట్టి నిజంగా మిగిలేది నాలుగైదు నెలలు.

అహేరి నుంచి ఒక మిత్రుడు రాశారు:

మాస్టారు చెప్పని హక్కుల సంగతి నేను చెబుతాను. అమెరికాలో 1974లో జడ్జి బోల్ట్ ఇచ్చిన తీర్పు ప్రకారం, వాషింగ్టన్ రాష్ట్రంలో ఒప్పందాలు చేసుకున్న ఆదివాసీ తెగలకు పట్టదగిన చేపల్లో సగం చెందుతుంది. తక్కిన సగం నుంచే మిగతా వేటగాళ్లూ గైడుల అతిథులూ పంచుకోవాలి. మనకూ 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో, నీటివనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు గురించి స్పష్టంగా రాసి ఉంది. మన గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గ్రామం 2009లోనే సామూహిక అటవీ హక్కు పత్రం పొందింది. అందువల్ల మీ అబ్బాయి పడవ కొనకముందు, తాను ఏ మడుగులో గాలం వేయించదలచాడో ఆ నీటి మీద ఏ గ్రామసభకు హక్కు ఉంది, మత్స్య సహకార సంఘానికి ఇచ్చినది ఏది అన్నది తాలూకా కార్యాలయంలో అడిగి రాయించుకోవాలి. వల మీద బతికేవాళ్ల మడుగులోకి గాలం పట్టిన అతిథులను తెస్తే తగవు రాకుండా ఉండదు. గ్రామసభకు రోజుకు ఇంత అని రుసుము కట్టి, వలవాళ్లలోనే ఇద్దరిని పడవ మీద పెట్టుకుంటే వాళ్లే కాపలా కూడా అవుతారని నా ఉద్దేశం.

సిరొంచవాసి రాశారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ వాడికి చదివి వినిపించాను. హక్కు పత్రాల సంగతి వినగానే కాస్త నెమ్మదించాడు. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. వాడు సందర్శక వీసా మీద ఒక సీజను అక్కడికి వచ్చి గైడు దగ్గర పని నేర్చుకోవచ్చా? రెండవది, ఇక్కడే మొదలుపెట్టాలంటే ఖర్చు లేకుండా ఈ ఏడాది ఏం చేయవచ్చు?

ఒరెగన్‌లో రాయగడవాడు రాశారు:

సందర్శక వీసా మీద వచ్చి పనిచేయకూడదు. జీతం లేకుండా సాయం చేస్తున్నాను అన్నా చిక్కే. మావంటి ఉద్యోగ వీసాదారులు సైతం మమ్మల్ని నియమించిన సంస్థ పని తప్ప, సెలవురోజున గైడుగా సంపాదించడానికి వీలులేదు. డబ్బు చెల్లించే అతిథిగా పడవ ఎక్కవచ్చు, దానికి రోజువారీ వేట లైసెన్సు, కొన్ని చేపలకు అదనపు ట్యాగు కొనుక్కోవాలి. హేచరీలో, అంటే చేపపిల్లలను పుట్టించి పెంచే కేంద్రంలో, పెంచిన చేపకు వీపు మీది చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటుంది. చాలా నదుల్లో ఆ గుర్తు ఉన్న స్టీల్‌హెడ్‌నే ఇంటికి తెచ్చుకోవచ్చు, రెక్క ఉన్న సహజమైన చేపను నీళ్లలోనే వదిలేయాలి. గాలం ముల్లుకు ఉండే కొక్కెపు పంటిని నొక్కివేయడం, చేపను పొడి చేతులతో పట్టకపోవడం మీ అబ్బాయి ఇప్పుడే అలవాటు చేసుకోదగినవి.

ఖర్చు లేని పని విషయానికి వస్తే, ప్రాణహిత మీద టేక్రా దగ్గర కేంద్ర జలసంఘం వారి కొలత కేంద్రం ఉంది. ఆ మట్టాన్నీ, నీటి రంగునూ, ఆ రోజు తండ్రి వలకు ఏ మడుగులో ఏ చేప ఎంత పడిందో దానినీ వర్షాలు తగ్గిన నాటి నుంచి వేసవి దాకా రోజూ ఒక పుస్తకంలో రాయమనండి. నాకు తెలిసిన గైడుల పడవలన్నిటిలోనూ అటువంటి పుస్తకాలు ఉన్నాయి, వాటిని అతిథులకు చూపించరు.

మల్కన్‌గిరి మాస్టారు రాశారు:

ఆ పుస్తకంలో చేప పొడవు కూడా రాయమనండి, బరువు మాత్రం అంచనాగా వద్దు. అలాగే గుడ్లతో ఉన్న ఆడచేప కనబడిన తేదీలు విడిగా గుర్తుపెట్టాలి, ఎందుకంటే ఆ వారాల్లో అతిథులను తీసుకుపోకూడదు. గోదావరి మీది మేడిగడ్డ బరాజు గేట్లు మూసినప్పుడు, తెరిచినప్పుడు సిరొంచ వైపు నీటిమట్టం మారేది. 2023 అక్టోబరులో బరాజు స్తంభాలు కుంగిన తరువాత గేట్లు తెరిచి ఉంచారు గాని, మళ్లీ ఎప్పుడైనా మూస్తే ఆ తేదీలను పక్కనే వేసుకోకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు.