ఎప్పుడూ కలవని స్నేహితురాలు ఉన్నట్టుండి మౌనమైపోతే ఏం చేయాలి?

ఆన్‌లైన్‌లో పరిచయమై 3 ఏళ్లు. ఎదురెదురుగా ఎప్పుడూ కలవలేదు. అయినా చెప్పు తెగిన సంగతి నుంచి ఉద్యోగం పోయిన సంగతి దాకా అన్నీ తనకే చెప్పుకునేదాన్ని. పది రోజులుగా ఉలుకూ పలుకూ లేదు.

చివరి మెసేజ్: "ఇంట్లో బాగోలేదు, తర్వాత చెప్తా." నా గోలలో నేనుండి, సరిగ్గా చదవకుండానే ఓ నవ్వు బొమ్మ పెట్టేశాను. తలచుకుంటే సిగ్గుగా ఉంది.

వాట్సాప్‌లో తను నీలం టిక్కులు ఆపేసుకుంది. వాయిస్ మెసేజ్‌లకి ఆ సెట్టింగ్ పనిచేయదు కదా, నిన్న సారీ చెబుతూ ఒకటి పంపాను. పొద్దున చూస్తే మైక్ గుర్తు నీలంగా మారింది. అంటే విన్నది! జవాబు మాత్రం లేదు.

ఫోన్ చేస్తే మీద పడ్డట్టు, ఊరుకుంటే పట్టించుకోనట్టు. ఒకటే టెన్షన్. మీరెప్పుడైనా ఇలా మౌనంగా ఉండిపోయారా? అప్పుడు అవతలివాళ్లు ఏం చేస్తే బాగుండుననిపించింది?